రేపటి నాడి

పోయిన వారం మనం ఆవగింజను గోడ దగ్గర వదిలేసి వచ్చాం. వేళ్ళకు సుద్దపొడి అద్దుకుని, ఉన్న సత్తువంతా కాళ్ళలోకి తెచ్చుకుని పైకి ఎగిరింది కదా, ఆ గోడ దగ్గరే. ప్రతి గురువారం సాయంత్రం ఆ జిమ్ములో బాక్సింగ్ నేర్చుకునే పిల్లలందరూ ఎగిరి ఆ గోడ మీద వేలిముద్ర వెయ్యాల్సిందే. ఎవరి ముద్ర ఎంత పైన ఉంటే వాళ్ళ కాళ్ళలో అంత బలం ఉన్నట్టు. నెల కిందట ఆవగింజ వేసిన ముద్ర చుట్టూ పెన్సిలుతో గీసిన గుండ్రం ఇంకా చెరిగిపోలేదు. ఈ రోజు ముద్ర దానికి నాలుగు వేళ్ళు కిందపడింది.

ఆదివారం ఎంపిక పోటీ. యాభై కిలోల లోపు ఆడపిల్లల్లో ఒక్కరినే పెద్ద పోటీలకు పంపుతారు. ఆ ఒక్కరూ తనే కావాలని ఆవగింజ రెండేళ్ళుగా ఒళ్ళు హూనం చేసుకుంటోంది. పోటీలో దిగేవాళ్ళ జాబితా శుక్రవారం పొద్దున్న పదింటికి వెళ్ళిపోతుంది. ప్రతి పేరు పక్కనా ‘ఈమె పోటీకి తగిన స్థితిలో ఉంది’ అని బరువులక్క సంతకం చెయ్యాలి.

“మళ్ళీ ఎగరనా అక్కా? కాలు జారింది,” అంది ఆవగింజ.

బరువులక్క పెన్సిలు గుండ్రానికీ కొత్త ముద్రకీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచింది. ఆవిడ ఒకప్పుడు బరువులెత్తే పోటీల్లో పేరున్న మనిషి. ఇప్పుడు కుడి మోకాలు పూర్తిగా వంగదు. మెట్లు దిగేటప్పుడు ఎండ్రకాయలా పక్కకి దిగుతుంది. ఆ నడక మీద తనే ముందు జోకు వేసుకుంటుంది గనక ఇంకెవరూ వెయ్యరు. జిమ్ములో గుద్దులు నేర్పేది మాస్టారు. ఆ గుద్దు వెనక ఉండాల్సిన నడుమూ, కాళ్ళూ, ఊపిరీ, నిద్రా అన్నీ బరువులక్క పని. “మాస్టారిది చెయ్యి, నాది మిగతా మనిషి,” అంటుంది.

“కూర్చో,” అంది చివరికి.

ఆవగింజ బల్ల మీద కూర్చుంది. కూర్చున్నాక గానీ తెలియలేదు, కూర్చోవాలని కాళ్ళు ఎంతసేపటి నుంచి బతిమాలుతున్నాయో. మెడ వెనక నుంచి మడమల దాకా తడిపిన గోనెసంచిలా ఉంది ఒళ్ళు. గది నిండా రబ్బరు వాసన, ఇనుము వాసన. మూలన లారీ టైరు, దాని మీద అడ్డంగా సమ్మెట. మూడు వారాల కిందట ఆ టైరును రోజుకు యాభై సార్లు బాదేది. ఇప్పుడు ఎనభై. భుజాల మీద ముప్పై కిలోలతో బస్కీలు తీసేది. ఇప్పుడు నలభై. పెరుగుతున్నందుకు మొదట్లో సంతోషించింది కూడా.

బరువులక్క షెల్ఫులోంచి ఆవగింజ పుస్తకం తీసింది.

ఆ జిమ్ములో ప్రతి పిల్లకీ అలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. పొద్దున్న మెలకువ రాగానే, తల దిండు మీద నుంచి ఎత్తకముందే, మణికట్టు మీద వేళ్ళు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. ఆ అంకె పుస్తకంలో రాసి, సాయంత్రం తెచ్చి షెల్ఫులో పెట్టాలి. బాగా విశ్రాంతి తీసుకున్న ఒంట్లో ఆవగింజ నాడి యాభై ఎనిమిది. అది ఏడు పెరిగితే ఆ రోజు సగం పనే. రెండు రోజులు వరసగా పెరిగితే గ్లవ్స్ ముట్టుకోకూడదు. మూడు రోజులు పెరిగితే పోటీ జాబితాలో పేరు ఉండదు. ఈ నియమం గోడ మీద బరువులక్క చేతిరాతతోనే అంటించి ఉంది. కింద ఎవరో కొంటె పిల్ల ‘నిమిషం అంటే అరవై సెకన్లు, గమనించగలరు’ అని చేర్చింది.

ఆవిడ నిన్నటి అంకె చూసింది. యాభై ఎనిమిది. మొన్నటిది యాభై తొమ్మిది. సరిగ్గా ఉంది. కాళ్ళేమో నాలుగు వేళ్ళు కిందకి వచ్చాయి. నిట్టూర్చి పేజీ తిప్పింది. తిప్పిన చెయ్యి అక్కడే ఆగింది.

ఆవగింజకు సోమవారం పొద్దున్న చేసిన పని అప్పుడు గుర్తొచ్చింది.

“ఈ రోజు వారం ఏంటి?” అడిగింది బరువులక్క.

“గురువారం.”

“శుక్రవారం నీ నాడి యాభై ఎనిమిది. శనివారం యాభై తొమ్మిది.” ఆవిడ చదువుతున్న తీరు సరుకుల చీటీ చదివినట్టుంది. “ఆదివారం, పోటీ పొద్దున్న, యాభై ఏడు. బాగుంది. ఎవరు గెలిచారో కూడా రాసెయ్యకపోయావా గింజా? మాకు బస్సు ఖర్చులు కలిసొచ్చేవి.”

ఆవగింజ తలెత్తలేదు.

“ఎప్పటి నుంచి?”

“ఈ వారమే అక్కా. ఈ ఒక్క వారమే ముందు...”

“ముందుగా రాసింది ఎప్పటి నుంచి అని అడగలేదు. అబద్ధం రాసింది ఎప్పటి నుంచి?”

స్కిప్పింగ్ తాళ్ళు నేలను కొట్టే చప్పుడు పక్క గదిలోంచి వస్తోంది. ఆవగింజ ఆ చప్పుడు లెక్కపెట్టింది. పదకొండు దాకా లెక్కపెట్టి, “మూడు వారాల నుంచి,” అంది.

బరువులక్క అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండేది. అరుపులకు తలొంచుకుని నిలబడటం ఆవగింజకు చిన్నప్పటి నుంచి అలవాటే. ఆవిడ మాత్రం వంగని కాలు చాచుకుని పక్కనే కూర్చుని, గోడ మీద గడియారం చూస్తూ ఉండిపోయింది. కోపంగా ఉందో, నిద్రలో ఉందో తెలియలేదు. పావుగంట అలాగే గడిచింది. తర్వాత తెలిసింది ఎందుకు ఆగిందో. పరుగూ ఎగురుడూ పూర్తిగా దిగిపోయాక గానీ లెక్క సరిగ్గా రాదు.

“చెయ్యి ఇటు ఇయ్యి.”

ఆవిడ వేళ్ళు కాయలు కాసి, పాత చెప్పు అడుగులా గరుకుగా ఉంటాయి. ఆ వేళ్ళు ఎముకకూ నరానికీ మధ్య సందు చూసుకుని ఆగాయి. నిమిషం అంటే నిమిషమే లెక్కపెట్టింది.

“ఎనభై ఆరు,” అంది. “సాయంత్రం కదా, పది తీసేద్దాం. భయపడ్డావు కదా, ఇంకో నాలుగు తీసేద్దాం. మా అమ్మమ్మ బేరమాడినట్టు ఆడినా డెబ్భై రెండు కంటే దిగట్లేదు. పొద్దున్నల్లో ఎంత ఉంటోంది, నిజం చెప్పు.”

“డెబ్భై నాలుగు. ఒక్కోరోజు డెబ్భై ఏడు.”

“ఒక్కోరోజు అసలు లెక్కే పెట్టవు.”

“పెట్టను.”

“ఎందుకు?”

“లేచేసరికే ఆలస్యం అయిపోతుంది అక్కా.”

అలా ఒక్కొక్క ప్రశ్నకీ దారం కదిలి, మూట మొత్తం విడిపోయింది. ఆవగింజ వాళ్ళమ్మ ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. మూడు వారాల కిందట తడి నేల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నాడు డాక్టరు. ఆవిడ చోటులో ఎవరైనా నిలబడితేనే ఆ చోటు ఆవిడకి మిగులుతుందన్నాడు సూపర్వైజరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. అందుకని పొద్దున్న ఆరింటి నుంచి పదకొండింటి దాకా అమ్మ చోటులో ఆవగింజ నిలబడుతోంది. నీళ్ళు పిండే డ్రమ్ములోంచి తడి దుప్పట్లు లాగాలి. ఒకదానికొకటి పురి తిరిగి, పురి తిరిగి, పాముల పుట్టలా ఉంటాయి. వాటిని బండిలో వేసి, ఆరబెట్టే గది దాకా తొయ్యాలి. మళ్ళీ రావాలి. సాయంత్రం నాలుగింటికి జిమ్ము.

“తడి దుప్పటి ఒక్కోటి ఎంత బరువుంటుంది?”

“నాలుగు కిలోలు ఉంటుందేమో.”

“రోజుకు ఎన్ని?”

“లెక్కపెట్టలేదు అక్కా. మూడొందలు...”

బరువులక్క కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఆవిడకి గుణకారం వేస్తే పెదవులు కదులుతాయి.

“నేను నలభై కిలోలు మోయిస్తున్నాననుకుంటున్నాను,” అంది నెమ్మదిగా. “నువ్వు ఇక్కడికి వచ్చే ముందే టన్నుకు పైగా మోసి వస్తున్నావు. వచ్చాక నేను ఇంకా పెడుతున్నాను. నీ నాడి యాభై ఎనిమిది అని రాస్తే, ఆహా, పిల్ల తట్టుకుంటోంది, ఇంకో అయిదు కిలోలు వెయ్యి అని నేనే పెంచాను. తెలుసా నీకు?”

“అక్కా, మీ తప్పేం లేదు...”

“నోరు ముయ్యి. ఎవరి తప్పో నాకు తెలుసు.” ఆ మాటలో కూడా అరుపు లేదు. “మూడు వారాల నుంచి నీ ముద్ర కిందకి జారుతోంది. బరువు బంతి విసిరితే దగ్గర్లో పడుతోంది. నాడి మాత్రం బంగారం. రోజూ ఈ పుస్తకం ముందేసుకుని, ఎక్కడ పొరపాటు చేశానా అని తల పట్టుకునేదాన్ని. మొన్న మంగళవారం మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఈ పిల్ల విషయంలో నా లెక్క తప్పుతోంది, వేరే ఎవరినైనా చూసుకోండి, నాకు ఈ పని చేతకావట్లేదు అని చెప్పి వచ్చాను.”

ఆవగింజ తల పైకి లేచింది. మూడు వారాలుగా ఆమె మోసిన దుప్పట్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తను రాసిన యాభై ఎనిమిదులు తన ఒంటినే తింటున్నాయనుకుంది. పక్కవాళ్ళ ఒంట్లోకి కూడా పోతాయని ఎప్పుడూ అనుకోలేదు.

“చెప్తే పేరు తీసేస్తారని భయపడ్డాను అక్కా,” అంది. కన్నీళ్ళు రాలేదు. రావడానికి కూడా ఓపిక కావాలి.

“మొదటి రోజే చెప్పి ఉంటే నీ పుస్తకమే మార్చేదాన్ని కదే పిచ్చిదానా. దుప్పట్లనే వ్యాయామంగా రాసేసి ఇక్కడ సగం కోసేసేదాన్ని. ఇనుమైతేనేం, దుప్పటైతేనేం, ఒంటికి తేడా తెలుస్తుందా?”

తలుపు దగ్గర ఈల వినిపించింది. మాస్టారు. పిల్లల మీద అరిచి అరిచి ఆయన గొంతు అరిగిపోయి పదేళ్ళయింది. అప్పటి నుంచి సంసారమంతా ఈలతోనే. ఇంట్లో కాఫీ కూడా ఈల వేసే అడుగుతారని పిల్లలు చెప్పుకుంటారు. మరీ అవసరమైతే తప్ప నోరు తెరవరు. ఇప్పుడు తెరిచారు.

“ఏమ్మా, పిల్ల పేరు రాసెయ్యనా?” బొంగురు గొంతు.

బరువులక్క పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“రేపు పదింటికి చెప్తాను మాస్టారూ.”

“పదింటికి జాబితా వెళ్ళిపోతుందమ్మా.”

“అందుకే పదింటికి.”

మాస్టారు ఇద్దరి మొహాలూ చూశారు. ఏదో అడగబోయి, ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండానే వెళ్ళిపోయారు.

“విను,” అంది బరువులక్క. “ఒళ్ళు అరిగింది గానీ విరగలేదు. నీ వయసులో రెండు మూడు రాత్రులు మొద్దులా పడుకుంటే తిరిగొస్తుంది. ఇప్పుడు ఇంటికి పో. తిను. పడుకో. రేపు ఎవరూ లేపకుండా మెలకువ వచ్చినప్పుడే లే. తల ఎత్తకముందు నాడి చూడు. ఎంతుంటే అంత రాయి. డెబ్భై ఉంటే డెబ్భై రాయి. అరవై అయిదు దాటకపోతే పదింటికి ఇక్కడికి రా. నేను మళ్ళీ చెయ్యి పట్టుకుని చూస్తాను, పుస్తకాన్ని నమ్మే రోజులు అయిపోయాయి. ఒక్కసారి ఎగురు. ఈ రోజు ముద్ర కంటే పైన పడితే సంతకం పెడతాను. పడకపోతే ఆదివారం ఇంట్లో కూర్చుంటావు. రింగులో మూడు రౌండ్లు చెయ్యి పైకి లేపలేని పిల్లను పంపి, మొహం పగలగొట్టించుకు రమ్మనడానికి నాకు చేతులు రావు.”

“మరి లాండ్రీ అక్కా?”

“రేపు ఒక్కరోజు. మీ అమ్మకి చెప్పు, ఏదో చూస్తుంది.” పుస్తకం తీసుకుని గుమ్మం దాకా వెళ్ళిన ఆవగింజను మళ్ళీ పిలిచింది. “గింజా, పరిగెత్తుకు రాకు. నడిచి రా. పరిగెత్తి వస్తే నా వేళ్ళకి తెలుస్తుంది.”

*

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ఎడం చేత్తో తువ్వాళ్ళు మడత పెడుతోంది. కుడి చేతికి రెండు పక్కలా చెక్కలు, పైన కట్టు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, గడ్డం కింద నొక్కి, ఎడం చేత్తో తిప్పి మడత పెట్టే విద్య మూడు వారాల్లో నేర్చుకుంది.

ఆవగింజ అంతా చెప్పేసింది. అంకెలతో సహా.

అమ్మ తువ్వాలు పళ్ళలోంచి తీసింది. “నేనింకా తడి దుప్పట్లు లాగితే భుజాలకి మంచిదేమో అనుకున్నానే,” అంది. “ఇంట్లోనే వ్యాయామం, జిమ్ముకెళ్ళక్కర్లేదు అని నవ్వుకున్నాను కూడా.” తువ్వాలు పక్కన పెట్టి, “అబద్ధం రాయడం ఎవరు నేర్పారే నీకు?” అంది.

“ఎవరూ నేర్పలేదమ్మా. రాస్తే వచ్చేసింది.”

“పడుకుంటే సరిపోతుందటా?”

“అరవై అయిదు లోపు ఉంటే చాలంది.”

“అయితే పడుకో. రేపటికి పక్కింటి పిన్నిని పంపిస్తాలే. ఆవిడ ఖాళీగానే ఉంది.”

“పిన్ని వెళ్తుందా? ఆవిడకి నడుం నొప్పి కదా?”

“నడుం నొప్పి ఆవిడకి పని చెప్పినప్పుడే వస్తుంది. నేను మాట్లాడతాగా. నువ్వు తిని పడుకో అమ్మలూ.”

ఆవగింజ నవ్వింది. ఎన్నాళ్ళకో. గిన్నెలో ఉన్నది ఖాళీ చేసి మంచం మీద వాలింది. అమ్మ దీపం ఆర్పిందో లేదో కూడా చూడలేదు. బావిలో వేసిన రాయిలా నిద్రలోకి దిగిపోయింది.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ సగం దాకా వచ్చింది. ఒళ్ళు ఇంకా బరువుగానే ఉంది, కానీ అది వేరే బరువు. బాగా నానిన గింజ బరువు. తల ఎత్తకుండా, కళ్ళు కూడా పూర్తిగా తెరవకుండా, మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు దాటగానే మొదలుపెట్టింది. దొంగలెక్క పెట్టే అలవాటు వేళ్ళకు కూడా పట్టిందేమోనని మొత్తం రెండుసార్లు లెక్కపెట్టింది.

అరవై రెండు.

రెండోసారి కూడా అరవై రెండే.

దిండు కింద ఉన్న పుస్తకం తీసి, శుక్రవారం పక్కనున్న యాభై ఎనిమిదిని అడ్డంగా కొట్టేసి అరవై రెండు రాసింది. మూడు వారాల తర్వాత రాసిన మొదటి నిజం. అంకె కొంచెం వంకరగా వచ్చింది, అయినా చూడముచ్చటగా ఉంది. టైము తొమ్మిదింపావు. జిమ్ము ఇరవై నిమిషాల నడక. తీరిగ్గా మొహం కడుక్కుని, తీరిగ్గా నడవచ్చు.

కిటికీ తెరిచింది. ఎదురుగా పక్కింటి పిన్ని మెట్ల మీద కూర్చుని జుట్టు చిక్కు తీసుకుంటోంది.

“పిన్నీ! అప్పుడే వచ్చేశావా?”

“ఎక్కడి నుంచే?”

“లాండ్రీ నుంచి. అమ్మ నిన్ను పంపిస్తానంది కదా.”

“నన్నా?” పిన్ని దువ్వెన పళ్ళ మధ్య వెంట్రుకలు లాగుతూ ఆగింది. “నన్నెవరడిగారే? మీ అమ్మ తెల్లారకముందే తలుపు దగ్గరికేసి వెళ్ళిపోతుంటే, చేతికి ఎలా ఉంది అక్కా అంటే, తగ్గిపోయింది అంది. కట్టు కూడా లేదు మరి.”

ఆవగింజ వెనక్కి తిరిగింది. తలుపు వెనక, అమ్మ చీపురు పెట్టే చోట, చాప చుట్టినట్టు చుట్టి ఉంది కట్టు. మధ్యలో రెండు చెక్కలు. కట్టుతో వస్తే లోపలికి రానివ్వనని సూపర్వైజరు మొదటి రోజే చెప్పాడు.

చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది. అరవై రెండు. తన జన్మలో ఇంత నిజమైన అంకె రాయలేదు. ఇంత దొంగ అంకె కూడా రాయలేదు. ఆ నిద్రంతా అమ్మ మణికట్టులోంచి తీసి తనకి పోసింది.

ఈ పాటికి డ్రమ్ము తలుపు తెరుచుకుని ఉంటుంది. పురి తిరిగిన దుప్పట్లు. ఒంటి చేత్తో లాగితే రావు. రెండో చెయ్యి వెయ్యాల్సిందే.

సందు చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి వైపు జిమ్ము. అక్కడ గోడ మీద నిన్నటి ముద్ర ఉంది, గడియారం చూసుకుంటూ బరువులక్క ఉంది. ఎడమ వైపు ఆసుపత్రి. పదింటికి ఇంకా నలభై నిమిషాలు.

నడిచి రమ్మంది అక్క.

ఆవగింజ పుస్తకం నడుముకి దోపుకుని పరిగెత్తింది. ఎడమ వైపుకి.